కుడికి వంగు బంతి



ఈ మాసమున మేము గాల్ఫు ఆటను గూర్చి వ్రాయబూనితిమి. ఊరగాయలను గూర్చియు, పసిపిల్లల దంతములను గూర్చియు, ఇంటిపద్దులను గూర్చియు వ్రాసిన చేతితో ఇదేల వ్రాయవలసివచ్చెనని మీరడుగుదురు. ఆ యాటను మేమెన్నడును ఆడియెఱుగము. మా యింట ఆడినవారును లేరు. బడిపంతులుగారి జీతములో బియ్యమునకును పుస్తకములకును పోగా గాల్ఫుదండములకు మిగులున దేమి యుండును? అయినను గతవేసవిలో ఆ యాటవలన మాకొక పాఠము కలిగినది. అందులో మేము చేసిన తప్పొకటి యున్నది. తప్పును దాచి పాఠమును మాత్రము చెప్పుట న్యాయము కాదు గనుక జరిగినది జరిగినట్లు వ్రాయుచున్నాము. మీ యిండ్లలో ఆడపిల్లగాని మగపిల్లవాడుగాని ఈ యాట నేర్చుచున్నయెడల ఇందలి దిద్దుబాటు నేరుగా అక్కఱకు వచ్చును. నేర్వనియెడలను చదివినందువలన నష్టము లేదు.

మా చెల్లెలి భర్త విశాఖపట్టణమున ఉద్యోగము చేయుచున్నారు. వారికి పండ్రెండేండ్ల కూతురొకతె. మా మఱదిగారికి ఆదివారము తెల్లవారినది మొదలు గాల్ఫుమైదానమే లోకము. తండ్రివెంట దండములసంచి పట్టుకొని పోవుచు పోవుచు అమ్మాయికిని దానిపై మనసు పోయినది. రెండేండ్లక్రింద తండ్రి ఆమె యెత్తునకు తగిన దండములను కొనియిచ్చెను. 2021లో టోక్యో నగరమున జరిగిన ఒలింపిక్ క్రీడలలో బెంగుళూరు అమ్మాయి అదితి అశోక్ ఒక్క దెబ్బ తేడాతో పతకము తప్పి నాల్గవస్థానమున నిలిచిన సంగతి మీలో పెక్కుమందికి జ్ఞాపకముండును. ఆ పోటీలో ఆమె దండములసంచిని మోసినది కన్నతల్లియే. ఆ తల్లీకూతుళ్ల పటమును మా అమ్మాయి తన గదిగోడకు అంటించుకొని, నిద్రలేవగానే ముందు దానినే చూచెడిది.

ఆట తెలియని సోదరీమణులకొఱకు రెండుమాటలు. ఇది స్కాట్లండు దేశమున పెరిగిన యాట. ప్రజలు విలువిద్య మాని ఇందులో మునుగుచున్నారని 1457లోనే అచ్చటి ప్రభుత్వము దీనిని నిషేధించినది. 1867లో సెయింట్ ఆండ్రూస్ పట్టణపు స్త్రీలు తమకొఱకై ఒక గాల్ఫుసంఘమును స్థాపించుకొనిరి. మన దేశమున కలకత్తాలో 1829లోనే ఈ యాటకొక క్లబ్బు వెలసినది. ఆడు విధము చెప్పుటకు సులభము. నిమ్మపండంతటి బంతి, దాని తూకము 45.93 గ్రాములకు మించరాదు, అడ్డుకొలత 42.67 మిల్లీమీటర్లకు తగ్గరాదు. దూరముగా పచ్చికలో 108 మిల్లీమీటర్ల వెడల్పుగల గుంట. దాని నడుమ ఆనవాలుగా ఒక జెండా. ఎంత తక్కువ దెబ్బలతో బంతిని ఆ గుంటలో వేసిన అంత గెలుపు. ప్రతి గుంటకును మొదటి దెబ్బ కొట్టునప్పుడు మాత్రము బంతిని చిన్న మేకుపై నిలుపవచ్చును. ఆ మేకు పేరు టీ. మనము ఉదయమున త్రాగు టీకిని దీనికిని చుట్టఱికము లేదు. దూరపు గుంటలకు ఆ మొదటి దెబ్బ కొట్టు పెద్దతల దండమును డ్రైవరందురు. మా కథ యంతయు ఆ డ్రైవరుతో వచ్చిన చిక్కే.

మేము చెల్లెలింటికి చేరిన మఱునాడు ఆదివారము. అందఱమును మైదానమునకు పోతిమి. అమ్మాయి బంతిని టీపై నిలిపి దండమెత్తి కొట్టెను. బంతి చక్కగా లేచినది. లేచి కొంతదూరము పోయి కొడవలివలె కుడికి వంగి తుప్పలలో పడినది. రెండవదియు అంతే. మూడవదియు అంతే. కుడిచేతివాటము వారికి బంతి ఇట్లు కుడికి వంగుటను స్లైసనియు, ఎడమకు వంగుటను హుక్కనియు అందురట. ప్రతి దెబ్బకును మఱదిగారు ఒక్కొక్క మాట అనుచుండిరి. "తల ఎత్తేశావు!" "తొందరపడ్డావు!" "చిన్న దండంతో తిన్నగా కొడతావు, దీనితో మాత్రం వంకరేమిటి? అంతా నిర్లక్ష్యం!" అమ్మాయి మాటాడక తుప్పలలో బంతులు వెదకికొని వచ్చుచుండెను. వెదకినవానిలో సగము దొరకలేదు.

మాకు జాలివేసినది. జాలితో ఒక సలహా యిచ్చితిమి. "అమ్మా, బంతి కుడికి పోవుచున్నది గదా, నీవు కొంచెము ఎడమకు తిరిగి కొట్టరాదా?" అని. ఎంత సబబైన మాటయో చూడుడు! తూకములో ఒకప్రక్క మొగ్గినచో రెండవప్రక్క రాయి వేయమా? అమ్మాయి పెద్దమ్మ మాటపై గౌరవముతో పాదములును భుజములును ఎడమకు త్రిప్పి నిలిచి, దండపు ముఖమును మాత్రము జెండావైపే యుంచి కొట్టెను. బంతి ఎడమకు బయలుదేరి మునుపటికంటె పెద్ద వంపు తిరిగి కుడితుప్పలనే చేరినది. "ఇంకొంచెం తిరుగు" అంటిమి. వంపు ఇంకను పెద్దదైనది. ఆ పూట ఆమె తొమ్మిది బంతులు పోగొట్టుకొన్నది. అందులో అయిదు మా సలహావలన పోయినవే.

ఇంటికి వచ్చిన పిమ్మట మఱదిగారు భోజనముల యొద్ద తీర్పు చెప్పిరి. సెలవులు ముగియులోపల ఈ వంకర తీరనిచో దండములను అటకమీద పెట్టవలసినదే, చదువైనను మిగులునని. మా చెల్లెలి అత్తగారు "ఆడపిల్లకు ఎండలో ఈ కొట్టుడేమిటి? అప్పుడే చెప్పాను" అనిరి. అమ్మాయి పెరుగన్నము కలిపినది కలిపినట్లుగా విడిచి లేచిపోయెను. రాత్రి గదిలోనికి పోయి చూతుము గదా, గోడమీది పటము లేదు. మడిచి పుస్తకములో పెట్టుకొన్నది. "పెద్దమ్మా, నా చేతిలోనే ఏదో దోషం ఉందా? కొందరికి రానే రాదంటారు కదా" అని అడిగినది. ఏమని చెప్పుదుము? లేదని చెప్పితిమి. కాని ఎందుకు లేదో మాకు తెలియదు. మా సలహాతో ఆ వంకర పెరిగిన సంగతి మాత్రము తెలియును. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

మంగళవారము తెల్లవారుజామున మేమును చెల్లెలును అమ్మాయిని వెంటబెట్టుకొని మైదానమునకు పోతిమి. అచ్చట నలుబదియేండ్లుగా ఆటగాండ్ర సంచులు మోయుచున్న వృద్ధుడొకడున్నాడు. ఈ పని చేయువారిని కాడీలందురు. సంగతి చెప్పితిమి. ఆయన వెంటనే ఏ మాటయు చెప్పలేదు. "పది బంతులు కొట్టు పాపా" అనెను. మాతో, "ఒక్క దెబ్బ చూసి మాట చెప్పకూడదమ్మా. పదిటిలో ఒకటి వంకర పోతే అది పొరపాటు. ఏడు ఒకే తీరున పోతే అది అలవాటు. బంతి ఎటు బయలుదేరింది, తర్వాత ఎటు వంగింది, ఆ రెండూ రాసుకోండి" అనెను. మేము చాకలిపద్దు పుస్తకము తెఱచి రెండు వరుసలు గీచి వ్రాసికొంటిమి. పదింటిలో ఏడు జెండాకు ఎడమగా బయలుదేరి కుడికి వంగినవి. రెండు తిన్నగా బయలుదేరి కుడికి వంగినవి. ఒకటి నేలబడి దొర్లినది.

అది చూచి ఆయన యిట్లనెను: "బయలుదేరే దిక్కు దండం ముఖాన్ని బట్టి ఉంటుందమ్మా. ఆ తర్వాత వంగడం, ముఖానికీ దండం నడిచే దారికీ పడక వచ్చేది. ఆ రెండింటికీ తగవు ఉన్నంతకాలం బంతి వంగుతూనే ఉంటుంది. పాప నిర్లక్ష్యం ఏమీ లేదు."

ఆ మాట మూటగట్టుకొని వచ్చి మావారిముందు విప్పితిమి. వారు శాస్త్రము బోధించువారు గనుక పలకయు సుద్దముక్కయు తీసికొని కూర్చుండిరి. వారు చెప్పినది మాకు తెలిసినంతవఱకు వ్రాయుచున్నాము. దండపుతల బంతిని తాకియుండునది సెకనులో సుమారు రెండువేలవ వంతు కాలము మాత్రమే. బంతి యెటు పోవలెనో, ఎటు వంగవలెనో అంతయు ఆ రెప్పపాటులో నూఱవపాలైనను లేని వ్యవధిలోనే నిర్ణయమైపోవును. ఆపైన ఎవరెంత కేక వేసినను, మనమెంత మెడ వంచినను ప్రయోజనము లేదు. ఆ క్షణమున రెండు దిక్కులను చూడవలెను. దండపు ముఖము చూచుచున్న దిక్కు ఒకటి. దండపుతల నడచుచున్న దారి మఱియొకటి. నేడు రాడారు యంత్రములతో కొలిచి చూడగా, డ్రైవరు దెబ్బలో బంతి బయలుదేరు దిక్కు నూటికి ఎనుబదిపాళ్లకు పైగా ముఖమునుబట్టియే యుండునని తేలినది. పూర్వపు శిక్షణగ్రంథములు చాలకాలము దీనిని తలక్రిందుగా బోధించినవి. దారినిబట్టి బయలుదేరి, ముఖమునుబట్టి ఆగునని చెప్పినవి. ఆ వృద్ధుడు గ్రంథములు చదువలేదు. బంతులను చూచెను.

ఇక వంపు సంగతి. ముఖమును దారియు ఒకే దిక్కును చూచునప్పుడు బంతి వెనుకకు గిరగిర తిరుగుచు తిన్నగా పోవును. తిరుగుచున్న బంతి తనచుట్టునున్న గాలిని క్రిందికి నెట్టును; గాలి బంతిని పైకి నెట్టును. అందువలననే అంత దూరము తేలిపోవుచున్నది. ముఖము దారికంటె కుడిగా చూచుచున్నప్పుడు ఆ తిరుగుడు ఇరుసు కుడికి ఒఱగును. అప్పుడు పైకి నెట్టవలసిన బలములో కొంత ప్రక్కకు మరలి బంతిని కుడికి లాగుకొని పోవును. విమానము ఒక రెక్క దించి మలుపు తిరుగుట మీరు చూచియుందురు, ఇదియు అట్టిదే. టెన్నిసు బంతి ఇట్లు వంగుటను న్యూటను 1672లోనే వ్రాసియుంచెను. జర్మనీ శాస్త్రజ్ఞుడు మాగ్నసు 1852లో తిరుగు వస్తువులపై గాలి చూపు ఈ బలమును పరీక్షించెను. గాల్ఫు బంతికి దీనిని పట్టించి లెక్కలు కట్టినవాడు ఎడింబరో ఆచార్యుడు పీటర్ గుత్రీ టెయిట్. ఆయన కొడుకు ఫ్రెడ్డీ 1896లోను 1898లోను బ్రిటిష్ అమెచ్యూర్ పోటీలో విజేతయైన ఆటగాడు. తండ్రి లెక్క కట్టుచుండ కొడుకు ఆడుచుండెను. ఆ యిల్లు ఎంత ముచ్చటగా నుండెనో గదా!

ఇది వినగానే మా తప్పు మాకు కనబడినది. ఎడమకు తిరుగుమని మేము చెప్పినప్పుడు అమ్మాయి పాదములును భుజములును తిరిగినవి; వానితో దండపు దారియు ఎడమకు తిరిగినది. ముఖము మాత్రము జెండానే చూచుచున్నది. అనగా ఆ రెంటికి నున్న తగవును మేము పెంచితిమి. తగవు పెరిగిన వంపు పెరుగదా? మఱదిగారి మాటకును సమాధానము దొరికినది. చిన్న దండముల ముఖము బాగుగ వెనుకకు వాలియుండును. అందుచే బంతికి వెనుకతిరుగుడు చాల హెచ్చుగా కలిగి, ఆ కొద్ది తగవు దాని యిరుసును అంతగా ఒఱగించలేదు. డ్రైవరు ముఖము నిటారుగా నుండును. అందుచే అంతటి తగవే అచ్చట పెద్ద వంపై కనబడును. తప్పు చిన్నదండములోను ఉన్నది, దాగియున్నది. పెద్దదండము దానిని బయటపెట్టినది. ఇది నిర్లక్ష్యమునకు సాక్ష్యము కాదు. ఈ మాట చెప్పగా అమ్మాయి ముఖము విప్పారిన తీరు మేము మఱువజాలము.

దిద్దుబాటును ఆ వృద్ధుడు చెప్పిన క్రమముననే చేసితిమి. ఒకసారికి ఒక్కటే మార్చవలెననుట ఆయన నియమము. రెండు మార్చినచో ఏది పనిచేసినదో తెలియదు గదా.

మొదట బంతి ముఖమున ఏచోట తగులుచున్నదో చూడవలెను. మడమవైపున, అనగా కఱ్ఱ అతికిన వైపున, తగిలిన బంతి కుడికి వంగజూచును. కొనవైపున తగిలినది ఎడమకు వంగజూచును. దీనికి మా చెల్లెలు ముఖమునకు పూసికొను పౌడరును దండపు ముఖమునకు పలుచగా పూసితిమి. బంతి తగిలినచోట గుండ్రని గుర్తు పడినది. అమ్మాయి గుర్తులు నడిమికి దగ్గఱగానే యున్నవి. కావున దోషము అచ్చట లేదని తెలిసినది. లేదని తెలిసికొనుటయు ఒక లాభమే.

రెండవది పట్టు. దండమును పట్టినప్పుడు అమ్మాయి తన యెడమచేతిని పైనుండి చూచినచో ఒక్క కణుపు మాత్రమే కనబడుచుండెను. చేయి అట్లు ఎడమకు తిరిగియున్నచో దెబ్బ తగులువేళకు ముఖము కుడికి తెఱచియే యుండును. చేతిని కొంచెము కుడికి త్రిప్పి, రెండు కణుపులు బాగుగను మూడవది కొంచెముగను కనబడునట్లు పట్టించితిమి. బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమనున్న గీత గడ్డమును కాక కుడిభుజమును చూచునట్లు సరిచేసితిమి. ఆమె దండమును పామును పట్టినట్లు బిగించి పట్టుచుండెను. బిగిసిన చేతిలో ముఖము మూసికొనదు. చంటిబిడ్డ చేయి పట్టుకొని నడిపించునంతటి పట్టు చాలునని చెప్పితిమి. ఈ మాట మాత్రము మా సొంతము.

మూడుదినములు ఇట్లే సాధనచేసిన పిమ్మట ఆదివారము వచ్చినది. తండ్రి యెదుట అమ్మాయి కొట్టెను. బంతి వంగలేదు. ఈనెపుల్లవలె తిన్నగా పోయినది. కాని జెండావైపు కాదు, బాగుగ ఎడమకు! రెండవదియు అంతే. మూడవది ఎడమప్రక్కనున్న ఇసుకగుంటలో పడినది. మఱదిగారు "ఇదివరకు కుడికి, ఇప్పుడు ఎడమకు! ఇదేనా వదినగారూ దిద్దుబాటు?" అనిరి. అమ్మాయి కన్నులు నిండినవి. చేయి మరల పాతపట్టునకు జరుగుచుండుట మేము చూచితిమి. అప్పుడు ఆ వృద్ధుడు నవ్వి, "బాబూ, వంపు పోయింది కదా! ముఖమూ దారీ ఒకటయ్యాయి. రెండూ కలిసి ఎడమకు చూస్తున్నాయి, అంతే. కలిసిన వాళ్లను తిప్పడం సులభం. పాపా, ఆ పట్టు మార్చకు" అనెను.

సోదరీమణులారా, ఈ యొక్క ఘట్టము కొఱకే మేమింత వ్రాసితిమి. సగము మేలైన పని పైకి చూచుటకు మునుపటికంటె చెడినట్లు కనబడును. తెలియనివారు అచ్చటనే మందు మానివేయుదురు. అమ్మాయి పాతపట్టునకు మరలియుండినచో బంతి మరల కుడికే వంగెడిది. ఆ దిద్దుబాటు పనికిరాదని అందఱమును నిశ్చయించుకొనియుందుము. మేము చాకలిపద్దు పుస్తకము తెఱచి మఱదిగారికి రెండు పుటలను ప్రక్కప్రక్కన చూపితిమి. మొదటిదానిలో పదింటికి తొమ్మిది వంగినవి. రెండవదానిలో పదింటికి రెండే వంగినవి. ఆయన లెక్కల మనిషి గనుక మాఱుమాటాడలేదు.

మూడవది నిలుచు తీరు. ఒక వెదురుబద్దను అమ్మాయి పాదముల కొనలకు ఆనించి నేలపై పెట్టితిమి. దాని వెనుకకు పోయి చూడగా అది జెండాకు చాల యెడమగా చూచుచున్నది. మా సలహా మానిన తరువాతను ఆమె అట్లే నిలుచుచున్నది! ఇది యెచ్చటినుండి వచ్చెనని మేము ఆలోచించుచుండగా అమ్మాయియే మెల్లగా, "నాన్నగారూ, మీరూ ఇలాగే నిలబడతారు కదా" అనినది. మఱదిగారు ఒక నిమిషము ఊరకుండి, ఆ బద్దను తమ పాదములయొద్ద పెట్టించుకొని చూచికొనిరి. ఆయన బంతియు పదియేండ్లుగా కుడికే వంగుచున్నదట! ఆ వంపునకు సరిపోవునట్లు ఎడమకు తిరిగి నిలుచుట ఆయనకు అలవాటైపోయినది. బిడ్డ ఆ నిలుకడనే చూచి నేర్చుకొన్నది. తండ్రి తన తప్పునకు కట్టుకొన్న కట్టును బిడ్డ విద్యయనుకొన్నది. ఆయన కోపించుకొనలేదు. "బద్ద ఇక్కడే ఉంచండి, నాక్కూడా కావాలి" అనిరి. ఆ మాటకు మా చెల్లెలు మావైపు చూచి చీరకొంగు నోటికి అడ్డము పెట్టుకొన్నది.

పాదములు, తుంటి, భుజములు మూడును జెండావైపు పోవు గీతకు సమముగా నుండవలెను. డ్రైవరు దెబ్బకు బంతి ఎడమమడమకు ఎదురుగా నుండవలెను. మఱింత ముందునకు జరిగినచో భుజములు తమంతట ఎడమకు తెఱచుకొనును. ఇక దారి. దండమును దించునప్పుడు ముందు భుజముతో విసరినచో అది బంతికి ఆవలినుండి ఈవలికి, అనగా ఎడమకు, కోయుచు వచ్చును. ముందు నడుము కదలి, దానివెంట చేతులు దిగినచో లోపలినుండి తిన్నగా వచ్చును. దీనిని నోటిమాటతో చెప్పుట వలన పని జరుగలేదు. ఆ వృద్ధుడు ఒక తువ్వాలును చుట్టగా చుట్టి, బంతికి ఆవలిప్రక్కన, కొంచెము వెనుకగా, జానెడెడముగా పెట్టెను. దండము ఆవలినుండి వచ్చినచో తువ్వాలు ఎగిరిపోవును. మొదటిదినమున తువ్వాలు పదునేనుసార్లు ఎగిరినది. సగము ఊపుతో మెల్లమెల్లగా కొట్టగా కొట్టగా వారమునకు మూడునాలుగుసార్లు మాత్రమే ఎగిరినది. దినమునకు ముప్పది బంతులకు మించనీయలేదు. లేతనడుము గదా.

ఇంకను కొన్ని జాగ్రత్తలు. ఎదురుగాలి వీచుచున్నప్పుడు చిన్న వంపుకూడ పెద్దదై కనబడును. ప్రక్కగాలి దానంతట అదియే బంతిని త్రోయును. సముద్రతీరమున మధ్యాహ్నమునకు గాలి హెచ్చును గనుక పరీక్షలను తెల్లవారుజాముననే చేయవలెను. నేటి చేతిఫోనులలో కదలికను మెల్లగా చూపు ఏర్పాటున్నది. జెండాకు తిన్నగా వెనుకనుండి పటము తీసినచో దారి కన్నులకు కట్టినట్లు కనబడును. బంతి ఎడమకు వంగువారికి మందులన్నియు తిరుగవేయవలెను: కణుపులు మూడునాలుగు కనబడుచున్నచో చేతిని కొంచెము ఎడమకు త్రిప్పవలెను, దారి మితిమీఱి కుడికి పోవుచున్నదేమో చూడవలెను. ఎడమచేతివాటము వారు మేము కుడియనినచోట నెల్ల ఎడమయని చదువుకొనవలెను. ముఖ్యముగా, దెబ్బకొక సలహా చెప్పువారిని, వారెంత ప్రేమగలవారైనను, కొంతదూరమున కూర్చుండబెట్టవలెను. ఈ నియమము మొదట మాకే వర్తించినది.

సెలవుల కడపటి ఉదయమున అమ్మాయి మరల పది బంతులు కొట్టెను. మా పుస్తకములో ఇట్లున్నది: తిన్నగా పోయినవి అయిదు, కొంచెము కుడికి వంగినను పచ్చికలోనే నిలిచినవి మూడు, ఎడమకు పోయినవి రెండు, పోగొట్టుకొన్న బంతులు లేవు. ఇది గొప్ప విజయమని మేము చెప్పము. కాని ఎడమకు పోయిన రెండింటిని చూచి అమ్మాయి ఏడువలేదు. "ముఖం మూసుకుపోయింది పెద్దమ్మా, దారి బాగానే ఉంది" అని తానే చెప్పి మూడవది నిలుపుకొన్నది. అటకమాట మఱదిగారు మరల ఎత్తలేదు. మేము బయలుదేరునాటికి పటము గోడమీదికి వచ్చినది. మా చెల్లెలి అత్తగారు మాత్రము "ఎండ తగలకుండా టోపీ పెట్టుకొమ్మనండి" అనిరి. అది సమ్మతియే యని మేము గ్రహించితిమి.

ఇంటికి వచ్చిన పిమ్మట మా అబ్బాయి లెక్కల పుస్తకము తెఱచితిమి. వానికి తీసివేతలు తప్పిపోవుచున్నవని మేము ఏడాదిగా "శ్రద్ధ లేదు, శ్రద్ధ లేదు" అని కేకలు వేయుచుంటిమి. తప్పిన కొలది మఱికొన్ని లెక్కలిచ్చుచుంటిమి. ఈసారి పది లెక్కలను వరుసగా పెట్టి, తప్పు ఎచ్చట బయలుదేరినదో చూచితిమి. ఏడింటిలో ఒకే చోటు: పైయంకె సున్న అయినప్పుడు ప్రక్కయింటినుండి అప్పు తెచ్చుకొనుట వానికి తెలియదు. ఎవరును వానికి సరిగా చెప్పలేదు. చెప్పుటకు పావుగంట పట్టినది. ఏడాది కేకలకు వానిని ఏమని క్షమింపుమని అడుగుదుము? రెండు జంతికలు ఎక్కువ పెట్టితిమి.